అటక మీంచి కొలువులోకి

2011లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్220 అనే ల్యాప్‌టాప్‌ను తీసుకుందాం. పన్నెండున్నర అంగుళాల తెర, రెండు కోర్ల ఐ5 ప్రాసెసర్, 4 జీబీ మెమరీ, పక్కన నెట్‌వర్క్ కేబుల్ గుచ్చుకునే గూడు. ఆఫీసుల కోసం తయారైన గట్టి యంత్రం. ఆఫీసులు వదిలించుకున్నాక సెకండ్‌హ్యాండ్ దుకాణాలకూ, అక్కణ్నించి ఇళ్లకూ చేరింది. ఇప్పుడు దాన్లో బ్రౌజర్ తెరిచి నాలుగు పేజీలు చూడబోతే ఫ్యాను గోలపెడుతుంది. విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల జాబితాలో దాని ప్రాసెసర్ లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇక దానికి మిగిలిన చోటు అటక. లేదంటే పాత సామాన్లవాడి తక్కెడ.

నిజంగా అది ముసలిదయిందా? కొత్తలో దాని ప్రాసెసర్ గడియారం సెకనుకు 250 కోట్ల సార్లు కొట్టుకునేది. ఇవాళా అంతే వేగంగా కొట్టుకుంటోంది. చిప్పులో ఒక్క ట్రాన్సిస్టర్ కూడా తగ్గలేదు. పెరిగిందల్లా దాని నెత్తికెత్తిన బరువు.

ఆ బరువులో పెద్ద వాటా మనిషికి కనిపించే ప్రపంచాన్ని తయారుచేయడానికే పోతుంది. కిటికీలు, బొమ్మలు, కదిలే ప్రకటనలు, వెబ్ పేజీల వెనక నడిచే వేలాది పంక్తుల ప్రోగ్రాములు అన్నీ అందులోవే. ఎక్స్220 తెర మీద అడ్డంగా 1,366, నిలువుగా 768 చుక్కలుంటాయి. అంటే మొత్తం 10 లక్షల 49 వేల చిల్లర. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 3 బైట్లు కావాలి. సెకనుకు 60 సార్లు తెరను నింపాలంటే దాదాపు 18 కోట్ల 88 లక్షల బైట్లు తెరకు చేరాలి. ఆ తెర ముందు ఎవరూ కూర్చోకపోయినా, అది వెలుగుతున్నంతసేపూ ఈ ప్రవాహం ఆగదు. అదే యంత్రాన్ని దూరం నుంచి "ఈ ఫోల్డర్‌లో ఏమున్నాయి?" అని అడగడానికి రెండక్షరాల ఆజ్ఞ చాలు. జవాబుగా వచ్చేవి కొన్ని వందల అక్షరాలు.

తెరను, కీబోర్డును, మౌస్‌ను పక్కనపెట్టి, నెట్‌వర్క్ తీగ ద్వారానే కంప్యూటర్‌తో మాట్లాడే ఈ పద్ధతికి ఇంజినీర్లు పెట్టుకున్న పేరు హెడ్‌లెస్, తల లేనిది. ఈ రూపం మనకు కొత్తేమీ కాదు. అరణ్యకాండలో కబంధుడికి తల లేదు. కన్నూ నోరూ మొండెంలోనే ఉన్నాయి, చేతులేమో యోజనం పొడవు. కూర్చున్నచోటు నుంచి కదలకుండానే కావలసినదాన్ని అందుకుంటాడు. చివరికి సుగ్రీవుడి దగ్గరికి వెళ్లమని రాముడికి దారి చెప్పిందీ ఆయనే. ఆ కథలోని భయాన్ని పక్కనపెట్టి చూస్తే, తల లేని సర్వర్ చేసే పని కూడా అదే. మూల కూర్చుని, పొడవాటి తీగ చేతులతో అడిగినవాళ్లకు అడిగింది అందిస్తుంది.

సర్వర్ అనగానే చల్లటి గదులు, నల్లటి బీరువాలు, మెరిసే లైట్లు కళ్ల ముందుకొస్తాయి. చరిత్ర వేరే కథ చెబుతుంది. ప్రపంచంలో మొట్టమొదటి వెబ్ సర్వర్ ఒక బల్ల మీది కంప్యూటర్. 1990 చివర్లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్‌లీ తన నెక్స్ట్ కంప్యూటర్ మీదే దాన్ని నడిపాడు. పొరపాటున ఎవరైనా స్విచ్చి ఆపేస్తారని, ఇది సర్వర్ అనీ కరెంటు తీయొద్దనీ ఎర్ర సిరాతో రాసిన చీటీని దాని మీద అంటించారు. ప్రపంచమంతా అల్లుకున్న వలకు అప్పట్లో కాపలా ఆ కాగితం ముక్కే.

పాత కంప్యూటర్ల విషయంలో ఇంకా గొప్ప ఉదాహరణ అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలది. 1990ల నడుమ విలియం హార్‌గ్రోవ్, ఫారెస్ట్ హాఫ్‌మన్ అనే పరిశోధకులకు పెద్ద లెక్క ఒకటి చేయాల్సి వచ్చింది. అమెరికా నేలను చదరపు కిలోమీటరు గళ్లుగా విడగొట్టి, వాతావరణం, నేల స్వభావం వంటి లక్షణాల్లో ఏ గడికి ఏ గడి దగ్గరగా ఉందో తేల్చాలి. కొత్త కంప్యూటర్ల సమూహానికి డబ్బు అడిగితే రాలేదు. దాంతో ప్రయోగశాలలో వాడకం తీరిపోయి పక్కన పడేసిన 486, పెంటియం యంత్రాలను పోగుచేశారు. తీగలతో కలిపి, లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి, ఒక్కొక్కటిగా పెంచుకుంటూ పోతే అవి నూటముప్పై దాటాయి. ఊరివాళ్లంతా తలా ఓ పిడికెడు తెచ్చి వేస్తే రాతి ముక్కతో పులుసు తయారైన జానపద కథ పేరునే దానికి పెట్టారు. ఆ చెత్తకుప్పలోంచి లేచిన యంత్రమే పర్యావరణ మండలాల పటాలు గీసి ఇచ్చింది. ఆ నూటముప్పై యంత్రాలకూ తలొక తెర పెట్టాలని ఎవరికీ తోచలేదు. అన్ని తెరల అవసరమే రాలేదు.

ఎక్స్220 దగ్గరికి తిరిగొద్దాం. దీన్ని కొలువులో పెట్టడానికి తెర అవసరమయ్యేది ఒక గంట, మహా అయితే రెండు గంటలు. తెర పగిలిపోయినదైతే టీవీకో పాత మానిటర్‌కో కలిపి ఆ గంట గడిపేయవచ్చు. పెన్‌డ్రైవ్‌లోకి డెబియన్ ఎక్కించి, దాంతో ల్యాప్‌టాప్ ఆన్ చేయాలి. డెబియన్ 1993 ఆగస్టులో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన లినక్స్ రూపం. ప్రపంచం నలుమూలలా స్వచ్ఛంద కార్యకర్తలు దాన్ని పెంచి పోషిస్తున్నారు. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో కీలకమైనది చివర్లో వస్తుంది. ఏయే హంగులు కావాలో టిక్ పెట్టమంటుంది. అక్కడ డెస్క్‌టాప్ ముందున్న టిక్ తీసేసి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ముందు టిక్ పెట్టాలి. ఆ రెండు గళ్లతో యంత్రం వయసు పదేళ్లు తగ్గినట్టే. డెస్క్‌టాప్ లేని డెబియన్ ఖాళీగా ఉన్నప్పుడు వాడుకునే మెమరీ 200 ఎంబీకి అటూ ఇటూ. ఉన్న 4 జీబీలో మిగతాదంతా అసలు పనికి దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ల కంప్యూటర్లలో కొత్తగా ఎక్కించుకునే వీలు తీసేశారు. ఇరవయ్యేళ్ల కిందటి పెంటియం 4 పెట్టెలతో చాలావరకు ఇదే చిక్కు. వాటి సంగతి కరెంటు లెక్క దగ్గర మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ గురించి. దూరంలో ఉన్న కంప్యూటర్‌కు ఆజ్ఞలివ్వడం 1995కు ముందూ ఉంది. టెల్‌నెట్ వంటి పద్ధతులతో ఆ పని చేసేవాళ్లు. అయితే పాస్‌వర్డ్‌తో సహా అన్నీ తీగ వెంట తెల్ల కాగితం మీద రాసినంత బాహాటంగా వెళ్లేవి. ఆ సంవత్సరం ఫిన్లాండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో దొంగచాటుగా చెవిపెట్టి వేల పాస్‌వర్డ్‌లు పట్టేశారు. అక్కడి పరిశోధకుడు టాటూ యిలోనెన్ దానికి విరుగుడుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. తన ప్రోగ్రాముకు ఒక పోర్టు నంబరు, అంటే కంప్యూటర్‌లోకి వచ్చే తలుపు నంబరు, కావాలని అడిగితే 22 దొరికింది. 21 ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది, 23 టెల్‌నెట్‌ది. ఏ రెండు పద్ధతులను సాగనంపాలనుకున్నాడో వాటి నడుమనే చోటు దక్కింది. ఇవాళ సర్వర్లలో ఎక్కువగా కనిపించేది 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం తయారుచేసిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్.

దీన్లో పాస్‌వర్డ్‌కన్నా మేలైన దారి జంట తాళంచెవులది. ఇంట్లో రోజూ వాడే కంప్యూటర్‌లో రెండు చెవులు తయారవుతాయి. ఒకటి రహస్యం, ఆ యంత్రం దాటి బయటికి రాదు. రెండోది ఎవరికి చూపినా ఫర్వాలేదు, దాన్ని సర్వర్‌కు ఇస్తాం. లోపలికి రాబోయినవాళ్లు రహస్య చెవి తమ దగ్గరుందని సంతకంతో రుజువు చేయాలి. బయటిచెవితో ఆ సంతకం సరిపోతుందో లేదో సర్వర్ చూసుకుంటుంది. రహస్యం తీగ మీదికి ఎక్కనే ఎక్కదు. ఈ దారి పనిచేస్తోందని చూసుకున్నాక పాస్‌వర్డ్ దారిని మూసేయడం మంచిది.

తెలుగువాళ్లకు ఈ ఏర్పాటులో ఒక లాభం, ఒక ఇబ్బంది ఉన్నాయి. లినక్స్ బోసి తెర ఒకసారికి 512 అక్షర రూపాలకు మించి చూపలేదు. ఒత్తులూ గుణింతాలూ కూర్చడం దానికి చేతకాదు. కాబట్టి సర్వర్ సొంత తెర మీద తెలుగు ఫైలు పేరు ఖాళీ గళ్లుగా కనిపిస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచి చూస్తే సర్వర్ పంపేది బైట్లు మాత్రమే, అక్షరాన్ని కూర్చే పని మన ముందున్న కంప్యూటర్‌ది. అది తెలుగు తెలిసినదైతే చాలు.

ఇబ్బంది పేర్ల పొడవుతో. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు పడితే తెలుగులో ప్రతి గుర్తుకూ 3 పడతాయి. "క్షీ" అనే ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, గుడిదీర్ఘం కలిపి నాలుగు గుర్తులు, 12 బైట్లు. మొత్తమ్మీద 85 గుర్తులు దాటితే లినక్స్ ఒప్పుకోదు. విండోస్ లెక్క వేరు, అక్కడ 255 గుర్తుల దాకా చెల్లుతుంది. సినిమా పేరు, పాట పల్లవి, పాడినవాళ్లు, రాసినవాళ్లు అందర్నీ ఇరికించి పెట్టుకున్న తెలుగు పేర్లు విండోస్‌లోంచి సర్వర్‌లోకి కాపీ అవుతూ మధ్యలో ఆగిపోతే కారణం ఇదే. పేరు కుదిస్తే సరిపోతుంది.

సర్వర్‌కు స్థిరమైన చిరునామా కావాలి. ఇంట్లో రౌటర్ ప్రతి యంత్రానికీ సాధారణంగా 192.168తో మొదలయ్యే ఒక సంఖ్య కేటాయిస్తుంది, అది మారిపోతూ ఉండవచ్చు. నెట్‌వర్క్ చిప్పు పుట్టుకతో వచ్చే 12 అంకెల గుర్తింపును రౌటర్‌లో నమోదు చేసి, దీనికి ఎప్పుడూ ఇదే చిరునామా ఇవ్వమని చెబితే ఆ బెడద తీరుతుంది. వైఫై కన్నా తీగ మేలు. తల లేని యంత్రానికి వైఫై తెగిపోతే ఏం జరిగిందో చెప్పుకోవడానికి నోరుండదు.

మూత మూయగానే ల్యాప్‌టాప్ నిద్రపోవడం అలవాటు. డెబియన్‌లో ఒక చిన్న సెట్టింగు ఫైలులో మూత మూసినా పట్టించుకోవద్దని రాస్తే మానుకుంటుంది. డెస్క్‌టాప్ పెట్టెలకు వేరే మొండితనం ఉంది. వాటిలో కొన్ని ఆన్ చేయగానే కీబోర్డు కనిపించడం లేదని, కొనసాగాలంటే ఎఫ్1 నొక్కమని చెప్పి ఆగిపోతాయి. లేని కీబోర్డు మీద మీట నొక్కమనడం! యంత్రం లేవగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాము బయాస్. దాన్లోకి వెళ్లి ఈ తప్పుకు ఆగొద్దని ఒకసారి చెప్పాలి. అక్కడే, కరెంటు పోయి వచ్చాక దానంతటదే లేచే సెట్టింగు ఉంటుంది. నిద్రపోతున్న పెట్టెను నెట్‌వర్క్ నుంచి లేపే ఏర్పాటు కూడా చాలావాటిలో ఉంది. ఆ మేలుకొలుపు సందేశం 102 బైట్లు. మొదట 6 బైట్ల గంట, ఆ వెనక ఆ యంత్రం గుర్తింపు వరసగా 16 సార్లు. గాఢనిద్రలో ఉన్నవాణ్ని పేరుపెట్టి మళ్లీ మళ్లీ పిలవడమే అది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులది. పాత యంత్రంలో అది చచ్చిపోయి ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు ల్యాప్‌టాప్ పెద్ద బ్యాటరీలో ఛార్జి లేనివేళ కరెంటు పోయిన ప్రతిసారీ గడియారం ఏళ్ల వెనక్కి వెళుతుంది, బయాస్ సెట్టింగులు చెరిగిపోతాయి. గడియారం తప్పితే సురక్షిత వెబ్‌సైట్ల ధ్రువపత్రాలన్నీ చెల్లనివిగా కనిపిస్తాయి. కారణం తెలియక రాత్రంతా తల పట్టుకునేకంటే ముందే మార్చేయడం తెలివి. దాని ఖరీదు కొద్ది రూపాయలు.

కరెంటు కోతల దేశంలో ల్యాప్‌టాప్‌కు పుట్టుకతో ఒక వరం ఉంది. దాని బ్యాటరీయే దానికి ఇన్వర్టర్. అయితే రోజంతా నూరు శాతం ఛార్జిలో వేడి తగులుతూ ఉండే లిథియం బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది, కొన్నిసార్లు ఉబ్బుతుంది. థింక్‌ప్యాడ్‌లలో ఇంత శాతం దాటి ఛార్జి చేయొద్దని పరిమితి పెట్టవచ్చు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం ఒక్క రోజు కూడా ఉంచకూడదు. ఎక్స్220లో గొళ్లెం జరిపితే అది ఊడి వస్తుంది.

బ్యాటరీ లేకుండా నడిపేటప్పుడు ఫైలు రాస్తుండగా కరెంటు పోతే? ఇక్కడ లినక్స్ మన పాత కోమటి దుకాణాల పద్ధతే పాటిస్తుంది. బేరం జరగ్గానే చిట్టాలో రాసుకుని, తరవాత ఆవర్జాలోకి ఎక్కించినట్టు, డిస్కు మీద చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసి ఆ తరవాతే అసలు చోట రాస్తుంది. మధ్యలో ఆగిపోతే మళ్లీ లేచినప్పుడు చిట్టా చూసి లెక్క సరిచేసుకుంటుంది. ఆ క్షణాన కాపీ అవుతున్న ఫొటో ఒకటి పోవచ్చు గానీ మొత్తం పుస్తకం చిందరవందర కాదు.

ఇక కరెంటు ఖర్చు. చాలామంది వేయకుండా వదిలేసే లెక్క ఇదే. తెర ఆపిన ల్యాప్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు 15 వాట్లు తీసుకుంటే ఏడాదికి 131 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలు వేసుకుంటే 920 రూపాయల దగ్గర. 60 వాట్లు లాగే పాత డెస్క్‌టాప్ అయితే ఏడాదికి 525 యూనిట్లు, 3,680 రూపాయలు. పెంటియం 4 చిప్పుల్లో కొన్నింటికి ఒక్క ప్రాసెసర్ వేడి పరిమితే 115 వాట్లు. అటువంటి పెట్టెను రాత్రింబవళ్లు నడపడం పొదుపూ కాదు, పర్యావరణానికి మేలూ కాదు. దాన్ని అధీకృత ఈ-వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేయడమే సరైన పని. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పారేసింది. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధి చేసినట్టు నమోదైనది 22.3 శాతమే. ఆడే ల్యాప్‌టాప్‌ను ఇంకో అయిదేళ్లు ఆడించడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఇంత చేశాక ఆ యంత్రం ఏం పని చేస్తుంది? ముందు అందరికీ ఉపయోగపడేది సాంబా. విండోస్, ఫోను, టీవీ అన్నీ చూడగలిగే ఉమ్మడి ఫోల్డర్‌ను అది నడుపుతుంది. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దీన్ని రాయడం మొదలుపెట్టినప్పుడు వేరే పేరుండేది. ఆ పేరు ఇంకొకరిదని తెలిశాక, ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరసలో ఉన్న మాటల కోసం నిఘంటువును కంప్యూటర్‌తో వెతికించాడు. వచ్చినవాటిలో సాంబా ఒకటి. ఎస్‌ఎంబీ అనేది విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు. ఎక్స్220లో ఉన్నది గిగాబిట్ నెట్‌వర్క్ కాబట్టి 2 జీబీ సినిమా ఇరవై సెకన్లలో చేరిపోవాలి. దానికి తగిలించిన బయటి డిస్కు యూఎస్‌బీ 2 గూట్లో ఉంటే మాత్రం నిమిషానికి దగ్గర పడుతుంది. అందుకే పాటలూ ఫొటోలూ ఉండే డిస్కును వీలైతే లోపలే బిగించాలి. టీవీలో సినిమాలకు జెల్లీఫిన్, ఫోన్ల నుంచి ఫొటోలు వాటంతటవే చేరడానికి ఇమ్మిచ్ వంటివి ఆ తరవాత కలుపుకోవచ్చు. ఇమ్మిచ్ ముఖాలు గుర్తుపట్టే పని కూడా చేస్తుంది. దానికి 4 జీబీ మెమరీ ఇరుకు, 8 పెట్టుకోవాలి.

డల్లాస్‌లో ఉన్న కూతురు గుంటూరు ఇంట్లోని పెళ్లి ఫొటోలు చూడాలనుకుంటే ఇంటి సర్వర్‌కు బయటినుంచి దారి కావాలి. ఇంటర్నెట్‌లో యంత్రాలకు ఇచ్చే ఐపీవీ4 రకం చిరునామాలు మొత్తం 429 కోట్లు, జనాభాకన్నా తక్కువ. అందువల్ల మన దేశంలో చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క బయటి చిరునామా వెనక ఎంతోమంది చందాదారులను నిలబెడతాయి. అపార్ట్‌మెంటు చిరునామా ఉంది గానీ ఫ్లాటు నంబరు లేనట్టు, బయటినుంచి వచ్చిన ఉత్తరం గేటు దగ్గరే ఆగిపోతుంది. దీనికి మంచి దారి వైర్‌గార్డ్ వంటి రహస్య సొరంగం. 2020 మార్చిలో విడుదలైన లినక్స్ 5.6 కెర్నల్‌లోనే అది భాగమైంది. ఇంటి యంత్రమూ కూతురి ఫోనూ బయట ఒక చోట కలుసుకుని, అక్కణ్నించి సొరంగం కట్టుకునేలా చేసే సేవలున్నాయి. 22వ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టడం మాత్రం వద్దు. తెరిచిన కొన్ని గంటల్లోనే ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ తలుపు కొట్టడం మొదలుపెడతాయి. భద్రతా సవరణలు వాటంతటవే ఎక్కేలా డెబియన్‌లో ఒక ఏర్పాటుంది, మొదటి రోజే దాన్ని ఆన్ చేయాలి.

అన్నిటికంటే బలహీనమైనది హార్డ్‌డిస్కు. 2011 నాటి ప్రాసెసర్ ఇంకో పదేళ్లు ఆడవచ్చు. నిమిషానికి 5,400 సార్లు తిరిగిన ఆ నాటి డిస్కు రేపే ఆగిపోవచ్చు. దాని మీద నమ్మకం పెట్టుకోకుండా కొత్త ఎస్‌ఎస్‌డీ వేయాలి. అది కూడా ఒకటే అయితే ఇల్లంతటి జ్ఞాపకాలూ ఒకే చోట ఇరుక్కున్నట్టే. అందుకే అటక మీంచి ల్యాప్‌టాప్ దించిన రోజునే రెండో డిస్కు కూడా కొనండి, వారానికోసారి దాన్లోకి కాపీ చేసి వేరే గదిలోనో, ఇంకా మేలు, వేరే ఇంట్లోనో దాచండి. రెండు కాపీల్లోనూ ఫొటోలు తెరుచుకుంటున్నాయని కళ్లారా చూసుకున్నాకే ఫోన్‌లోంచి తుడవండి.